చర్చి పోస్టర్లు ఎవరూ చదవడం లేదంటే ఎక్కడ మొదలుపెట్టాలి? చెన్నై తెలుగు సంఘంలో మీడియా పని చేసే బ్రదర్‌కు జవాబు

వందనాలు బ్రదర్. మీ ప్రశ్న చదివాను. పెరంబూరు వైపు ఒక తెలుగు సంఘంలో మీడియా పని మీకు అప్పగించారు. వారానికి మూడు నాలుగు పోస్టర్లు చేసి వాట్సాప్ గ్రూపులో పెడుతున్నా "కూడిక ఎన్నింటికి బాబూ?" అని అందరూ ఫోన్ చేసే అడుగుతున్నారు. పాస్టర్‌గారు ఫోటోలు పెద్దగా ఉండాలంటున్నారు. యూత్ ఏమో అంతా ఇంగ్లీషులో, నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ఉండాలంటున్నారు. ఏ సాఫ్ట్‌వేర్ కొంటే ఈ టెన్షన్ తీరుతుందని అడిగారు.

నేను చెన్నైలో ప్రింటింగ్, డీటీపీ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. మా సంఘానికే కాక ఇక్కడి మరికొన్ని తెలుగు సంఘాలకు కరపత్రాలు, పాటల స్లయిడ్లు, కొత్త సంవత్సరానికి బైబిల్ వచనం వేసి ఇచ్చే వాగ్దాన కార్డులు చేసి పెడుతుంటాను. సాఫ్ట్‌వేర్ సంగతి చివర్లో చెప్తాను, ఎందుకంటే మీ సమస్యలో దాని వాటా చాలా తక్కువ. నేను ఏ పని మొదలుపెట్టినా ముందు ఒక్క విషయం తేల్చుకుంటాను: సంఘంలో దీన్ని చదవడానికి అందరికంటే ఎక్కువ కష్టపడే మనిషి ఎవరు? ఆ మనిషికి అందేలా చేస్తే మిగతావాళ్లకు దానంతటదే అందుతుంది. మిగిలిన నా సలహాలన్నీ ఇందులోంచి వచ్చేవే.

ముందు ఆ ఫోన్ల సంగతి. వాటిని విసుగ్గా చూడకండి. వాళ్లు ఏది అడుగుతున్నారో అదే మీ పోస్టర్‌లో కనబడని విషయం. కొన్ని వారాలపాటు ఎవరు ఏం అడిగారో రాసి పెట్టుకోండి. ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి ముగుస్తుంది, పిల్లల్ని తీసుకురావచ్చా, భోజనం ఉందా, ఏ గేటు, బండి ఎక్కడ పెట్టాలి. దాదాపు ఇవే ఉంటాయి. వీటిలో ముగిసే సమయం మన పోస్టర్లలో అసలు కనిపించదు. ఆవడి నుంచో తిరువొత్తియూరు నుంచో లోకల్ ట్రైన్‌లో ఇద్దరు పిల్లలతో వచ్చే తల్లికి మొదలయ్యే సమయం కంటే అదే ముఖ్యం. తిరిగి ఇల్లు చేరేసరికి ఎంతవుతుందో తెలియకపోతే ఆమె రాదు. రాకపోతే ఆమెకు ఆసక్తి లేదని మనం అనుకుంటాం. ఒక్క అంకె వేయనందుకు ఆమె మీద అంత మాట పడుతుంది.

వారం వారం జరిగే కూడికలకు పోస్టర్ మానేయండి. మామూలు మెసేజ్ పెట్టండి. బొమ్మలో ఉన్న అక్షరాలు గ్రూపులో వెతికితే దొరకవు. ఆటో డౌన్‌లోడ్ ఆపేసుకున్న ఫోన్‌లో బొమ్మ ఒక మసక చదరంలా ఉండిపోతుంది. చూపు లేనివాళ్లకు ఫోన్ ఆ బొమ్మలోని మాటల్ని సరిగ్గా చదివి వినిపించలేదు. టైప్ చేసిన మెసేజ్‌కు ఈ ఇబ్బందులేవీ లేవు. పైగా ఫోన్‌లో అక్షరాల సైజు పెంచుకున్న పెద్దవాళ్లకు అది పెద్దగానే కనిపిస్తుంది. ఉదాహరణకు ఇలా రాయవచ్చు:

"ఈ శుక్రవారం ఉపవాస ప్రార్థన. ఉదయం 10:30 నుంచి మధ్యాహ్నం 1:00 వరకు, చర్చి మేడ మీద హాల్లో. మెట్లు ఎక్కలేనివాళ్లకు కింద గదిలో స్పీకర్ ఉంటుంది. ప్రార్థన అయ్యాక భోజనం ఉంది. పిల్లల్ని తీసుకురావచ్చు."

అంతే. "సర్వోన్నతుడైన దేవుని మహా కృపను బట్టి" అని మొదలుపెట్టి "కుటుంబ సమేతంగా విచ్చేసి దైవాశీర్వాదములు పొందగోరుచున్నాము" అని ముగించే పద్ధతి సంఘ వార్షికోత్సవానికి, గృహ ప్రతిష్ఠకు, పెళ్లికి చక్కగా ఉంటుంది. ఆ మాటలకు ఒక గౌరవం ఉంది, వాటిని ఆ సందర్భాలకే దాచుకోవాలి. ప్రతి శుక్రవారం వాడితే చదివేవాళ్ల కళ్లు వాటి మీదుగా జారిపోతాయి, వాటితోపాటే సమయమూ జారిపోతుంది. దర్శనాన్ని చదివేవాడు పరుగెత్తుతూ కూడా చదవగలిగేంత స్పష్టంగా పలకల మీద రాయమని హబక్కూకు రెండో అధ్యాయంలో దేవుడు చెప్పాడు. మన పని గురించి అంతకంటే నేరుగా చెప్పిన వచనం నాకు తెలియదు. మీ సంఘ పెద్దలతో మాట్లాడేటప్పుడు ఆ వచనంతోనే మొదలుపెట్టండి.

గ్రూపు విషయం కూడా చూసుకోండి. అడ్మిన్లు మాత్రమే రాయగలిగే ఒక గ్రూపు ప్రకటనలకు ఉండాలి. శుభోదయం వచనాలు, పుట్టినరోజు శుభాకాంక్షలు, ప్రార్థన మనవులు ఇంకో గ్రూపులో. రెండూ కలిస్తే శనివారం రాత్రికి మీ ప్రకటన యాభై మెసేజ్‌ల కింద ఉంటుంది.

ఇక మీ చదువరులు ఎవరన్నది. చెన్నై తెలుగు సంఘం హైదరాబాద్ సంఘంలాంటిది కాదు, గుంటూరు సంఘంలాంటిదీ కాదు. ఒకే బెంచీ మీద తెలుగు బైబిల్ పాత అనువాదాన్ని కంఠతా పట్టిన పెద్దమ్మగారు కూర్చుంటారు. ఆమె పక్కన ఒంగోలు నుంచో నెల్లూరు నుంచో వచ్చి ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో ఉద్యోగం చేస్తున్న అబ్బాయి. అతని పక్కన తరతరాలుగా ఈ ఊరి పారిశుద్ధ్య పనినే నమ్ముకుని బతికిన కుటుంబం. వెనక వరసలో భవనాల పనికి వచ్చిన శ్రీకాకుళం కూలీలు. వీళ్లందరూ తెలుగు మాట్లాడతారు, అందరూ తెలుగు చదవలేరు.

ముఖ్యంగా ఇక్కడే పుట్టిన పిల్లలు. తమిళనాడులో 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ప్రకారం ఆ ఏడాది ఒకటో తరగతితో మొదలై, ఏటా ఒక్కో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి సబ్జెక్టు అయింది. ఆ మొదటి బ్యాచ్ 2016లో పదో తరగతి పరీక్షలు రాసింది. తెలుగు మీడియం బడుల పిల్లలకు మినహాయింపు కావాలని కోర్టుల దాకా వెళ్లారు. కానీ ఇంగ్లీషు మీడియంలో చదివే మన పిల్లల్లో చాలామందికి ఆ తర్వాత తెలుగు అక్షరాలతో పనే లేకుండా పోయింది. ఇప్పుడు మీ క్వయర్‌లో గొంతెత్తి పాడుతున్న అమ్మాయిల్లో ఎంతమంది తెలుగు అక్షరాలు చూసి పాడుతున్నారో ఒకసారి అడగండి. చాలామంది ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని పాడుతుంటారు. యూత్ ఇంగ్లీషు అడిగితే ఫ్యాషన్ కోసం అనుకోవడం పెద్దలు చేసే అన్యాయం. వాళ్లలో కొందరు తమకు చదవడం రాదన్న మాట బయటికి చెప్పలేక, దాన్ని స్టైల్ పేరుతో అడుగుతున్నారు.

కాబట్టి నా సలహా: ప్రకటన తెలుగులోనే ఉండాలి, దాని కిందే అదే విషయం రెండు వరుసల ఇంగ్లీషులో. అసలు ఏ లిపీ చదవలేనివాళ్ల కోసం వారానికొకసారి వాయిస్ మెసేజ్. పాస్టరమ్మగారి గొంతులో నిమిషంలోపు రికార్డు చేయించండి. "ఈ వారం మూడు కూడికలు ఉన్నాయమ్మా" అని ఆమె చెప్తే వినేవాళ్లు వేరు. దీన్ని ఎవరూ డిజైన్ అనరు, కానీ మీరు చేసే పనుల్లో ఎక్కువమందికి చేరేది ఇదే కావచ్చు.

పాటల తెర గురించి కాస్త విపులంగా చెప్పాలి. ప్రతి ఆదివారం సంఘమంతా ఒకేసారి చూసేది అదొక్కటే.

కొన్ని సంఘాల్లో తెలుగు పాటల్ని తమిళ లిపిలో వేసి చూశారు. పిల్లలకు తమిళం వచ్చు కాబట్టి ఆలోచన సబబుగానే కనిపిస్తుంది. కానీ తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. త, దలకు ఒకటే, ప, బలకూ ఒకటే. దేవా అని రాసినా తేవా అని రాసినా తెర మీద ఒకేలా ఉంటుంది. పాట ముందే తెలిసినవాళ్లు సరిగ్గా పాడతారు, తెలియనివాళ్లు తడబడతారు. తెర పెట్టిందే తెలియనివాళ్ల కోసం కదా. అందుకే పైన తెలుగు లిపి, కింద ఇంగ్లీషు అక్షరాల్లో అదే పాదం ఉంచాలి. ఇంగ్లీషు అక్షరాల్లో దీర్ఘాలు ఎలా రాయాలి, ద కి ఏ అక్షరాలు, డ కి ఏ అక్షరాలు అన్నది క్వయర్ పిల్లలతో కూర్చుని ఒక పద్ధతి పెట్టుకుని అన్ని పాటలకూ అదే పాటించండి. ఒక పాటలో ఒకలా, ఇంకో పాటలో ఇంకోలా ఉంటే ప్రతివారం కొత్తగా నేర్చుకున్నట్టే ఉంటుంది.

రెండు లిపులు పెడితే స్లయిడ్‌లో రెండు పాదాలకు మించి పట్టవు. మంచిదే, అంతకు మించి పెట్టకండి. పాదాన్ని ఎక్కడ విరవాలన్నది పాడేవాళ్లు ఊపిరి తీసుకునే చోటును బట్టి నిర్ణయించాలి. తెర చాలలేదని మాట మధ్యలో విరిస్తే సంఘమంతా అక్కడ ఆగుతుంది. అందుకే స్లయిడ్లు తిప్పే మనిషికి కంప్యూటర్ కంటే పాట ముఖ్యంగా తెలిసి ఉండాలి. పాదం చివరి మాట పాడుతుండగానే తర్వాతి స్లయిడ్ రావాలి, పాడటం అయిపోయాక కాదు. కీర్తన అయితే మూలలో కీర్తనల పుస్తకంలోని నంబరు తప్పక వేయండి. పుస్తకం చేతిలో పట్టుకునే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లను వదిలేయకూడదు.

వెనక కదిలే సముద్రాలు, మేఘాలు, కాంతి కిరణాలు తీసేయండి. తెలుగు అక్షరం ఇంగ్లీషు అక్షరం కంటే నిండుగా ఉంటుంది. పైన తలకట్టు, గుడి, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. వెనక బొమ్మ కదులుతుంటే ముందు కనుమరుగయ్యేవి ఆ చిన్న గుర్తులే. అవి పోతే మాటే మారిపోతుంది. వరుసల మధ్య ఖాళీ కూడా ఇంగ్లీషుకు ఇచ్చిన దానికంటే ఎక్కువ ఇవ్వాలి. అక్షరాల ఎత్తుకు ఒకటిన్నర రెట్లు దగ్గర మొదలుపెట్టి చూడండి. పై పాదంలోని వత్తు కింది పాదంలోని గుడికి తగులుతుంటే ఇంకా పెంచండి.

బోర్డులు రాసేవాళ్లలో ఒక పాత లెక్క ఉంది: పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం. చివరి వరస తెరకు నలభై అడుగుల దూరంలో ఉంటే తెర మీద అక్షరం నాలుగు అంగుళాలు ఉండాలి. తెలుగులో ఆ కొలత వత్తు, గుడి లేని ఉత్త "క" కు వేసుకోండి. తర్వాత మీరే చివరి వరసలో నిలబడి చూడండి. రాత్రి ప్రాక్టీసుకు వచ్చినప్పుడు కాదు, ఆదివారం ఉదయం ఆరాధన సమయంలో, కిటికీలన్నీ తెరిచి ఉన్నప్పుడు. మన చర్చిల్లో ఏసీ లేని హాళ్లే ఎక్కువ, తొమ్మిది గంటలకు ఎండ సగం తెర మీదికి వస్తుంది. అలాంటి వెలుతురులో నల్ల బ్యాక్‌గ్రౌండ్ బూడిద రంగులోకి మారి తెల్ల అక్షరాలు పాలిపోతాయి. తెల్లటి లేదా లేత బ్యాక్‌గ్రౌండ్ మీద నల్ల అక్షరాలే పగటికి మేలు. సాయంత్రం కూడికలకు, క్రిస్మస్ రాత్రికి నల్ల బ్యాక్‌గ్రౌండ్ చక్కగా ఉంటుంది. యూత్‌తో మీ వాదన ఇలా తీరిపోతుంది: హాలు చీకటిగా ఉన్న రోజున వాళ్లు అడిగినట్టే, పగలు పెద్దలు అడిగినట్టు.

ఫాంట్ల విషయానికి వస్తే, పాత డీటీపీ షాపులు ఇప్పటికీ 'అను' అనే ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో టైప్ చేస్తుంటాయి. అచ్చుకు అవి బాగానే ఉంటాయి, కొన్ని అక్షర రూపాలు ఎంతో అందంగా ఉంటాయి కూడా. కానీ అవి యూనికోడ్ కావు, అంటే అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ ఒకేలా చదవగలిగే పద్ధతిలో ఉండవు. ఆ ఫైల్లోంచి పాట కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే అర్థంలేని గుర్తులు వస్తాయి. ఇవాళ టైప్ చేసింది ఐదేళ్ల తర్వాత కూడా మీ సంఘానికి పనికి రావాలంటే యూనికోడ్‌లోనే చేయండి. ఉచితంగా, బహిరంగ లైసెన్స్‌తో దొరికే మంచి తెలుగు ఫాంట్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. చదివే మ్యాటర్‌కు నోటో సాన్స్ తెలుగు, హింద్ గుంటూరు, మండలి. పెద్ద శీర్షికలకు రామభద్ర, బాలూ తమ్ముడు. సన్నం నుంచి బాగా లావు దాకా ఒకే కుటుంబంలో కావాలంటే 2022లో వచ్చిన అనెక్ తెలుగు. సంఘానికి రెండు ఫాంట్లు చాలు. తెలుగులో ఇంగ్లీషులోలాగా పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలు లేవు కాబట్టి ఒక మాట ఎత్తి చూపాలంటే లావు చేయండి, లేదా సైజు పెంచండి. అక్షరాలను పక్కకు వాల్చకండి, సాగదీయకండి, అంచుల చుట్టూ మెరుపులు పెట్టకండి.

ఒక హెచ్చరిక. ఫోటోషాప్‌లో సెట్టింగ్ మార్చకుండా తెలుగు పేస్ట్ చేస్తే వత్తులు విడిపోతాయి. క్రీస్తు అన్న పేరే ముక్కలై "క్‌రీస్‌తు" అని బ్యానర్ ఎక్కడం నేను చూశాను. తెలుగు రాని ఆపరేటర్‌కు అది తప్పని తెలియదు. ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని గానీ, కొత్త వెర్షన్లలో వరల్డ్ రెడీ లేఅవుట్ అని గానీ ఉంటుంది, అది ఎంచుకోండి. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. ప్రింటింగ్‌కు పంపేటప్పుడు అక్షరాలను ఔట్‌లైన్లుగా (ఫాంట్ అవసరం లేని గీతలుగా) మార్చి పీడీఎఫ్ ఇవ్వండి. ట్రిప్లికేన్‌లోనో రాయపేటలోనో ఉన్న షాపు కంప్యూటర్‌లో మీ ఫాంట్ ఉంటుందని నమ్మకం పెట్టుకోకండి. ఏఐతో బొమ్మలు చేయిస్తుంటే అందులో తెలుగు అక్షరాలు దాంతో రాయించకండి, తప్పులు రావచ్చు. బొమ్మ తీసుకుని అక్షరాలు మీరే వేయండి.

మన ఊరికీ తెలుగు అచ్చుకూ పాత బంధం ఉంది. జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1743 దాకా ఈ మద్రాసులోనే పని చేసి, తెలుగు నేర్చుకుని, తిరిగి వెళ్లాక 1746లో జర్మనీలోని హాలే పట్టణంలో తెలుగులో చిన్న పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు అవే అంటారు. అంత దూరంలో, తెలుగు తెలియని కార్మికులతో మన గుణింతాలూ వత్తులూ పోత పోయించడం ఎంత కష్టమో అచ్చు పనిలో ఉన్నవాడిగా నేను ఊహించగలను. ఇవాళ మనకు ఉచితంగా ఇన్ని ఫాంట్లు ఉండి కూడా క్రీస్తు పేరు విరిగి అచ్చవుతుంటే బాధ కలుగుతుంది.

పాస్టర్‌గారి ఫోటో సంగతి. దీన్ని కమిటీలో వాదనగా పెట్టకండి, ఆయనతో ఒంటరిగా మాట్లాడండి. బయటి ప్రసంగీకులు వస్తున్నప్పుడు ఆయన ఎవరో జనానికి తెలియాలి కాబట్టి ఒక ఫోటో పనికొస్తుంది. సొంత సంఘంలో వారం వారం చూసే అయ్యగారి ఫోటో ఎవరికీ కొత్త విషయం చెప్పదు. సభల పోస్టర్ రెండు రకాలుగా ప్రింట్ తీయండి. ఒకటి ఆయన చెప్పినట్టు ఫోటోలన్నిటితో, రెండోది తేదీ, సమయం, చోటు పెద్దగా, ప్రసంగీకుల ఫోటో ఒక్కటే. రెండూ పట్టుకుని ఆయన ఎదుటే సంఘంలో ఒక పెద్దావిడకు చూపించి "ఎప్పుడమ్మా సభలు?" అని అడగండి. సంఘకాపరికి తన గొర్రెలు చదవలేకపోతున్నాయని కళ్లారా కనబడితే చాలు, మీరు ఇక వాదించనక్కర్లేదు. పెద్దల పేర్లు, సహకరించినవాళ్ల పేర్లు గౌరవంగా వేయాల్సిందే. వాటికి ఆహ్వాన పత్రిక లోపలి పేజీ ఉంది.

ఇప్పుడు సృజన గురించి. మీరు అడగలేదు గానీ, యూత్ మాటల్లో ఆ ఆకలి కనిపిస్తోంది, దాన్ని తీర్చాలి. డిసెంబరులో చెన్నైలో వానలు, బురద, తుఫాను భయం ఉంటాయి. మన క్రిస్మస్ కార్డుల మీద మాత్రం మంచు, పైన్ చెట్లు. నెట్‌లో దొరికిన బొమ్మలన్నీ అలాంటివే. వాటి బదులు పిల్లల చేతికి కెమెరా ఇచ్చి మీ సంఘాన్నే ఫోటో తీయమనండి. వాన నీళ్లలో ప్రతిబింబించే కాగితపు నక్షత్రం, మట్టల ఆదివారం నాడు కొబ్బరి ఆకులతో అల్లిన సిలువలు, కోత పండుగకు బలిపీఠం ముందు పెట్టిన అరటి గెలలూ చెరుకు గడలూ, బైబిల్ పట్టుకున్న ముసలి చేతులు, గుమ్మం ముందు వేసిన ముగ్గు. ఇవి ఏ స్టాక్ ఫోటోలోనూ దొరకవు. 1947 సెప్టెంబరు 27న ఈ ఊరి సెయింట్ జార్జ్ కెతీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) ఏర్పడింది. దాని చిహ్నంలో సిలువతోపాటు తామర పువ్వు ఉంటుంది. ఈ నేల మీద పూసే పువ్వును సిలువతో కలిపి చూపారు, ఎవరికీ వివరించక్కర్లేకుండా అర్థమవుతుంది. మీ పిల్లలు వెతకాల్సింది అలాంటివి. మనుషుల ఫోటోలు వాడేముందు వాళ్లను అడగండి, చిన్న పిల్లలవైతే తల్లిదండ్రుల్ని అడిగి తీరాలి. సహాయం అందుకుంటున్నవాళ్ల ముఖాలు మాత్రం ఎప్పుడూ వేయకండి. బియ్యం మూట అందుకుంటూ ఫోటోకు నిలబడిన మనిషి వచ్చే ఆదివారం అదే సంఘంలో కూర్చోవాలి.

రంగులకు కూడా బయట వెతకనక్కర్లేదు. సంఘ సంవత్సరంలోనే ఉన్నాయి: శ్రమకాలానికి, ఆగమన కాలానికి ఊదా, క్రిస్మస్‌కు, ఈస్టర్‌కు తెలుపు, పెంతెకొస్తుకు ఎరుపు, మిగతా రోజులకు ఆకుపచ్చ. మీది ఈ పద్ధతి పాటించని బాప్టిస్టు సంఘమో స్వతంత్ర సంఘమో అయినా ఫర్వాలేదు. ఉపవాస ప్రార్థనకు ఒక రంగు, యూత్ కూడికకు ఒకటి, సండే స్కూల్‌కు ఒకటి అని పెట్టుకుని ఏడాదంతా మార్చకుండా ఉంచండి. కొన్ని నెలలకు చదవకముందే రంగు చూసి ఏ కూడికో గుర్తుపడతారు.

డబ్బు ఖర్చు పెట్టదలచుకుంటే వాగ్దాన కార్డు మీద పెట్టండి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకున్న ఆ కార్డు ఏడాదంతా బైబిల్లో ఉంటుంది, కొన్ని ఇళ్లలో పర్సులో, కొన్ని ఇళ్లలో ఆస్పత్రి మంచం పక్కన. ఒక మనిషి కష్టంలో ఉన్నప్పుడు తీసి చూసుకునే కాగితం మీద మన శ్రద్ధ అంతా కనిపించాలి. ముందు వైపు వచనం, దాని రెఫరెన్స్ తప్ప ఇంకేమీ వద్దు. చర్చి పేరు వెనక చిన్నగా. వెనక తమిళంలోనో ఇంగ్లీషులోనో అదే వచనం వేస్తే తెలుగు చదవలేని పిల్లలకూ, తమిళ కోడలికీ అల్లుడికీ పనికొస్తుంది. మెరిసే లామినేషన్ వద్దు. ట్యూబ్‌లైట్ కింద అక్షరం కనబడదు, దాని మీద పెన్నుతో రాయలేరు. 300 జీఎస్‌ఎం మ్యాట్ కాగితం, అంటే మెరుపు లేని మందపాటి కాగితం తీసుకుని, వెనక పేరు రాయడానికి ఒక గీత వదలండి. పాస్టర్‌గారు తన చేత్తో పేరు రాసిచ్చిన కార్డును ఎవరూ పారేయరు. వచనాన్ని నెట్ నుంచి కాపీ చేసినా అచ్చు బైబిల్ పక్కన పెట్టుకుని ఇద్దరు అక్షరం అక్షరం సరిచూడాలి. కాగితం నమూనాలు జార్జ్ టౌన్ ఆండర్సన్ స్ట్రీట్‌లో చేత్తో పట్టుకుని చూసి ఎంచుకోండి. నవంబరులోనే ఫైల్ ఇచ్చేయండి, డిసెంబరులో ప్రెస్సులన్నీ క్యాలెండర్లు, డైరీల పనిలో మునిగి ఉంటాయి.

ఫ్లెక్సీల మీద ఆ డబ్బు పోయకండి. 100 మైక్రాన్ల కంటే పలచని పీవీసీ బ్యానర్లు దేశమంతటా 2022 జూలై 1 నుంచి నిషేధం. అంతకంటే పెద్ద కారణం మన ఊళ్లోనే ఉంది. 2019 సెప్టెంబరులో పల్లికరణైలో రోడ్డు మధ్య కట్టిన బ్యానర్ తన మీద పడటంతో, స్కూటర్ మీద వెళ్తున్న యువ ఇంజనీరు కిందపడి, వెనక వచ్చిన లారీ కింద నలిగి ప్రాణం కోల్పోయింది. ఆ తర్వాత కూడా ఒక చర్చి సువార్త సభల పేరుతో రోడ్డు మీద అనుమతి లేకుండా బ్యానర్ కడితే, దాని మీద ఏ వచనం రాసినా జనం ఎలా చదువుతారు? ఆవరణ లోపల గుడ్డ బ్యానర్ కట్టుకోండి. గేటు దగ్గర ఆరాధన సమయాలతో తెలుగు, తమిళం, ఇంగ్లీషుల్లో శాశ్వతమైన బోర్డు ఒకటి పెట్టండి. గూగుల్ మ్యాప్స్‌లో మీ సంఘం పేరు, ఆదివారం సమయం, గేటు ఫోటో సరిగ్గా ఉన్నాయో లేదో ఈ రోజే చూడండి. ఊరికి కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబం మిమ్మల్ని వెతికేది అక్కడే.

మరణ వార్త గురించి కూడా చెప్పాలి, దీన్ని ఎవరూ డిజైన్‌గా ఆలోచించరు. కుటుంబాన్ని అడగకుండా గ్రూపులో పెట్టకండి. దూరాన ఉన్న కొడుకు తన తండ్రి పోయిన సంగతి గ్రూపు ద్వారా తెలుసుకోకూడదు. అడిగాక బొమ్మలు, పువ్వులు, కొవ్వొత్తులు లేకుండా సాదా మెసేజ్ పెట్టండి. సంఘంలో ఆయన్ని అందరూ ఏ పేరుతో పిలుస్తారో ఆ పేరు ముందు, తర్వాత పూర్తి పేరు. ఇంటి దగ్గర ఎప్పటిదాకా చూడవచ్చు, చర్చిలో ఆరాధన ఎన్నింటికి, భూస్థాపన కీల్పాక్‌లోనా కాసిమేడులోనా, ఎన్నింటికి. కుటుంబంలో ఎవరికి ఫోన్ చేయాలో కాకుండా సంఘంలో ఎవరికి చేయాలో నంబరు ఇవ్వండి. ఆ రోజు ఆ ఇంట్లోవాళ్లు దారి చెప్పే పనిలో ఉండకూడదు.

ఇక సాఫ్ట్‌వేర్. కాన్వా ఉచిత వెర్షన్ మీకు చాలు, అందులో తెలుగు ఫాంట్లు ఉన్నాయి. పాటలకు ఓపెన్‌ఎల్‌పీ ఉచితం, తెలుగు యూనికోడ్ తీసుకుంటుంది. అచ్చు పనికి ఇంక్‌స్కేప్, స్క్రైబస్ నేర్చుకుంటే మంచిది. డబ్బు మిగిలితే ప్రొజెక్టర్ వెలుతురు పెంచుకోండి, కిటికీలకు తెరలు వేయించండి. తెర మీద తేడా దానివల్లే కనిపిస్తుంది.

ఫైళ్లన్నీ మీ సొంత ఫోన్‌లో, సొంత ఈమెయిల్‌లో ఉంచుకోకండి. చర్చి పేరుతో ఒక అకౌంట్ తెరిచి పాటలు, ఫాంట్లు, లోగో, పాత కార్డులు అందులో పెట్టి, పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గర ఉంచండి. మీడియా పని చేసే పిల్లలకు ఉద్యోగం మారుతుంది, పెళ్లవుతుంది, బెంగళూరు వెళ్లిపోతారు. తర్వాత వచ్చేవాళ్లు మొదటి పాట నుంచి మళ్లీ టైప్ చేసే పరిస్థితి రాకూడదు.

మీ హాలు పొడవు, తెర వెడల్పు, తెర నుంచి చివరి వరస ఎంత దూరమో కొలిచి ఇక్కడ రాయండి. కిటికీలు తెర పక్కన ఉన్నాయా, వెనక ఉన్నాయా అన్నది కూడా చెప్పండి. మీ తెరకు సరిపోయే అక్షరాల సైజు, ఒక్కో స్లయిడ్‌కు ఎన్ని వరుసలు పడతాయో లెక్కేసి చెప్తాను.